రెండో మనిషి తెరిచినప్పుడు

రాత్రి తొమ్మిదిన్నర. ఉస్మానియా క్యాంపస్‌లో హాస్టల్ గది. రేపు పొద్దున సెమిస్టర్ పరీక్ష. కారిడార్‌లో ఎవడో అటూ ఇటూ నడుస్తూ నిర్వచనాలు గట్టిగా వల్లె వేస్తున్నాడు. నీ ఒళ్లో ల్యాప్‌టాప్ ఉంది, తొడలు వేడెక్కుతున్నాయి. తెర మీద నువ్వు కట్టిన సైటు: పాత ప్రశ్నపత్రాలు, వాటి పక్కన ఏ యూనిట్ నుంచి ఎన్ని మార్కులకు అడుగుతూ వచ్చారో చూపే రంగు పట్టీలు. పరీక్షకు ముందు రాత్రి పిల్లలు మొదట తెరిచేది దీన్నే.

ఫోన్ మోగుతుంది. నీ జూనియర్. హైటెక్ సిటీ పక్క పార్ట్‌టైమ్ డ్యూటీ చేసుకొని రాయదుర్గంలో మెట్రో ఎక్కాడు. తార్నాకలో దిగేలోపు రెండు పేపర్లన్నా చూసుకుందామని వాడి ఆశ.

"అన్నా, నీ సైటు ఖరాబైంది. వట్టి అక్షరాలే కనబడుతున్నయ్. మూడో సెమ్ కొడితే ఐదో సెమ్ ఓపెన్ అయితుంది."

"నాకు మంచిగనే ఉంది గదా తమ్మీ."

"నీకు వైఫై ఉంది అన్నా."

ఆ మాటకు నీ దగ్గర జవాబు లేదు. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరుస్తావు. నెట్‌వర్క్ వేగాన్ని 3జీకి దించుతావు. రీలోడ్.

తెల్లటి తెర. తర్వాత ఒక్కసారిగా నల్లటి అక్షరాలు ఎడమ అంచుకు అతుక్కుని కిందికి జారుతూ వస్తాయి. లింకులన్నీ నీలం రంగులో, కింద గీతలతో. రంగు పట్టీలు లేవు. బటన్లు బూడిద రంగు డబ్బాలు. నువ్వు కర్సర్ పెట్టి "మూడో సెమిస్టర్" నొక్కబోతావు. సరిగ్గా అప్పుడే పేజీ అదురుతుంది. వరసలు విడిపోతాయి, రంగులు దిగుతాయి, నీ కర్సర్ కింద ఉన్న లింకు పైకి పోయి దాని స్థానంలోకి ఐదో సెమిస్టర్ వస్తుంది. అప్పటికే నొక్కేశావు.

రోజూ వైఫై ఉన్న గదిలో కూర్చుని చూస్తున్నావు కాబట్టి ఇది నీకు ఇన్నాళ్లూ కనబడలేదు. సికింద్రాబాద్ దాటి వస్తున్న రైల్లో, సిగ్నల్ ఒక గీతకు పడిపోయిన ఫోన్లో, వాడికి ప్రతిసారీ ఇదే కనబడుతోంది.

పేజీ సోర్స్ తెరువు. సర్వర్ పంపిన అసలు హెచ్‌టీఎంఎల్ అక్కడే ఉంటుంది. చూడు: ప్రశ్నపత్రాల పేర్లన్నీ ఉన్నాయి. ప్రతి డబ్బాకూ ఒక క్లాస్ పేరు ఉంది, ఎవరికీ అర్థం కాని పొడి అక్షరాల గుత్తి. ఇప్పుడు ఆ క్లాస్‌కు రంగు ఏదో, వెడల్పు ఎంతో చెప్పే స్టైల్ ట్యాగ్ కోసం వెతుకు. పైనుంచి కిందిదాకా వెతుకు. లేదు. పేర్లు వచ్చాయి, వాటి నియమాలు రాలేదు.

మరి వైఫైలో ఎలా బాగుంది? జావాస్క్రిప్ట్ ఫైలు క్షణంలో దిగిపోయి, బ్రౌజర్లో మళ్లీ మొదటినుంచి పని చేసి, నియమాలను తయారుచేసి తలభాగంలో పెడుతోంది. నెమ్మది నెట్‌వర్క్‌లో ఆ ఫైలు దిగడానికి పట్టే సమయమంతా పాఠకుడు వట్టి అక్షరాలను చూస్తూ కూర్చోవాలి.

అసలు రంగులూ కొలతలూ జావాస్క్రిప్ట్ లోపల ఎందుకున్నాయి అని నీకు ఇప్పుడు అనిపిస్తుంది. హాకన్ వీయుమ్ లీ 1994 అక్టోబరులో సీఎస్ఎస్‌ను ప్రతిపాదించినప్పుడు కోరుకున్నది దీనికి ఎదురు పద్ధతి: రాత ఒకచోట, రూపం ఇంకొకచోట. చిన్న సైట్లకు అది చక్కగా సరిపోయింది. సైట్లు పెరిగాక ఒకరు పెట్టిన క్లాస్ పేరు ఇంకొకరి పేరుతో గుద్దుకోవడం మొదలైంది. 2014లో ఫేస్‌బుక్ ఇంజనీరు క్రిస్టఫర్ షెడో ఈ తిప్పలన్నీ ఒక ప్రసంగంలో ఏకరువు పెట్టి, స్టైల్‌ను జావాస్క్రిప్ట్‌లోనే రాద్దామన్నాడు. 2016లో మాక్స్ స్టోయిబర్, గ్లెన్ మాడర్న్ కలిసి, రియాక్ట్‌తో వాడే స్టైల్డ్ కాంపొనెంట్స్ అనే లైబ్రరీని బయటికి తెచ్చారు. బటన్ రాసే చోటే దాని రంగు రాస్తావు. పట్టీ రాసే చోటే దాని వెడల్పు రాస్తావు. బటన్ తీసేస్తే దాని స్టైలూ పోతుంది. నువ్వు దాన్ని ఎంచుకున్నది అందుకే, ఆ ఎంపికను ఇప్పటికీ తప్పు అనలేం. కానీ కాంపొనెంట్, అంటే బటన్, పట్టీ లాంటి ఒక్కో ముక్క, నడిస్తే తప్ప దాని నియమం పుట్టదు. సర్వర్‌లో నడిచినప్పుడు నియమం పుట్టింది. అక్కడ బ్రౌజర్ లేదు, తలభాగం లేదు, పెట్టడానికి చోటు లేదు. దాన్ని ఎవరూ పట్టుకోలేదు.

పట్టుకోవాలి.

ల్యాప్‌టాప్ మూసి సంచిలో వేసుకుంటావు. ఈ గదిలో కూర్చుంటే మళ్లీ వైఫైయే కనబడుతుంది. వాడి ఫోన్లో, వాడి నెట్‌వర్క్ మీద చూడాలి.

ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి నడుస్తావు. 1939లో తెరుచుకున్న ఆ గులాబీ రంగు రాతి భవనం దీపాల వెలుగులో ఇంకా పెద్దగా కనబడుతుంది. ముందున్న మెట్ల మీద గుంపులు గుంపులుగా పిల్లలు. సగం మంది చేతుల్లో పుస్తకాలు, సగం మంది చేతుల్లో ఫోన్లు. ఒకమ్మాయి ఫోన్ తెర మీద నీ సైటు రంగులు గుర్తుపడతావు. ఆమె వేలు పైకి కిందికి ఆడుతోంది. ఆమెకు పేజీ ఎలా వచ్చిందో అడగాలనిపిస్తుంది. అడగవు. అడుగు వేగం పెంచుతావు.

తార్నాక చౌరస్తా. మెట్రో స్తంభాల కింద ఆటోలు, ఉప్పల్ వైపు పోయే బస్సుల హారన్లు. 2017 నవంబరులో నాగోల్ లైను మొదలైన దగ్గర్నుంచి ఈ క్యాంపస్ పిల్లల్లో ఎంతోమందికి చదువుకునే చోటు రైలే అయింది. జూనియర్ స్టేషన్ మెట్లు దిగి వస్తాడు, ఫోన్ చేతిలోనే ఉంది. చాయ్ బండి పక్కన రెండు స్టూళ్లు లాగుతారు. వాడి హాట్‌స్పాట్ నీ ల్యాప్‌టాప్‌కు. బ్యాటరీ ముప్పై నాలుగు శాతం.

"చూడు అన్నా." వాడు పేజీ తెరుస్తాడు. వట్టి అక్షరాలు. ఇద్దరూ చూస్తూ కూర్చుంటారు. చాయ్ వస్తుంది. పేజీ ఇంకా సర్దుకోలేదు.

నీ ముందు రెండు దారులున్నాయి. స్టైళ్లన్నింటినీ ఊడబెరికి ఒక మామూలు సీఎస్ఎస్ ఫైల్లో పెట్టెయ్యొచ్చు. నికరంగా పనిచేస్తుంది, కానీ వందల కాంపొనెంట్లు, తెల్లారిపోతుంది. రెండో దారి లైబ్రరీలోనే ఉంది. సర్వర్ స్టైల్ షీట్ అనే వస్తువు ఒకటుంది. అప్లికేషన్‌ను దాని కలెక్ట్ స్టైల్స్‌తో చుట్టాలి. అప్పుడు రెండర్ జరుగుతున్నంతసేపూ ఏ కాంపొనెంట్ ఏ నియమం పుట్టించినా అది అందులోకి చేరుతుంది. చివర్లో గెట్ స్టైల్ ట్యాగ్స్ అని అడిగితే, చేరినదంతా స్టైల్ ట్యాగ్‌గా చేతికిస్తుంది. దాన్ని పేజీ తలభాగంలో పెట్టి పంపాలి.

రెండో దారి పడతావు.

కోడ్ రాస్తావు. పేజీలో తలభాగం ముందుంటుంది కదా, కాబట్టి ముందు ట్యాగులు అడుగుతావు, ఆ తర్వాత బాడీ రెండర్ చేస్తావు. ఎవరైనా అలాగే రాస్తారు. లోకల్‌గా నడిపి సోర్స్ చూస్తావు. తలభాగం ఖాళీ.

ఎందుకు ఖాళీ? నువ్వు అడిగిన క్షణానికి ఇంకా ఒక్క కాంపొనెంట్ కూడా నడవలేదు. బటన్ ఉందో లేదో, పట్టీలు ఎన్నో, ఎవరికీ తెలియదు. పాఠకుడికి ముందు చేరాల్సింది సర్వర్‌లో చివర తయారవుతుంది. ఈ పని మొత్తంలో ఉన్న చిక్కు ఇదే, దీన్ని ఒకసారి వేళ్లతో రాసి చూస్తే గానీ ఒంటబట్టదు. వరస మారుస్తావు. ముందు బాడీని రెండర్ చేసి స్ట్రింగ్‌గా చేతిలో పట్టుకుంటావు. ఒక్క అక్షరం కూడా బయటికి పంపవు. ఆ తర్వాత ట్యాగులు అడుగుతావు. ఆ తర్వాతే తల, దాని వెనక బాడీ.

సోర్స్‌లో స్టైల్ ట్యాగ్ కనబడుతుంది. దాని మీద లైబ్రరీ వేసుకున్న గుర్తు ఉంది. బ్రౌజర్లోకి జావాస్క్రిప్ట్ దిగాక ఆ గుర్తు చూసి, ఈ నియమాలు ముందే వచ్చాయని తెలుసుకుని, వాటినే తన ఖాతాలో కలుపుకుంటుంది, మళ్లీ తయారు చేయదు. పైగా ఈ ట్యాగ్‌లో సైటు మొత్తం స్టైళ్లు లేవు. ఈ పేజీలో నడిచిన కాంపొనెంట్లవి మాత్రమే ఉన్నాయి. తక్కువ సిగ్నల్ ఉన్న ఫోన్‌కు ఇంతకంటే మేలు చేసే పని నీ చేతిలో ఇంకోటి లేదు.

సర్వర్‌కు పంపుతావు. బిల్డ్ గీత నెమ్మదిగా నిండుతుంది.

"ఇప్పుడు తెరువు తమ్మీ."

వాడు తెరుస్తాడు. మొదటి చూపులోనే రంగులు, వరసలు, పట్టీలు. ఏదీ అదరదు. వాడు మూడో సెమ్ నొక్కుతాడు, మూడో సెమ్మే వస్తుంది.

"ఇప్పుడు మస్తుంది అన్నా!"

ఇక లేచి పోవచ్చు. కానీ ఫోన్ వాడి చేతిలోంచి తీసుకుని నువ్వు ఇంకో సబ్జెక్టు తెరుస్తావు. ఇంకోటి. ల్యాప్‌టాప్‌లో సోర్స్ మళ్లీ చూస్తావు. స్టైల్ ట్యాగ్ పొడుగైంది. రీలోడ్ చేస్తావు. ఇంకా పొడుగైంది. నువ్వు చూస్తున్నది ఫిజిక్స్ పేజీ. ట్యాగ్‌లో బీకాం పేజీ పట్టీల వెడల్పులు ఉన్నాయి. ఆ పేజీని నువ్వు తెరవలేదు, తమ్ముడూ తెరవలేదు. ఎక్కడో ఇంకెవరో తెరిచారు.

వెన్నులో చిన్న చలి.

కోడ్ పైకి జరుపుతావు. షీట్‌ను సృష్టించే లైను ఫైలు మొదట్లో ఉంది, రిక్వెస్ట్ అందుకునే ఫంక్షన్ బయట. సర్వర్ లేచినప్పుడు ఒకే ఒక్కసారి ఒక షీట్ పుట్టింది. అప్పటినుంచి వచ్చిన ప్రతి మనిషి పేజీ నియమాలూ అందులోకే చేరుతున్నాయి. మామూలు బటన్ల వల్ల అది పెరగదు, ఒకే నియమాన్ని లైబ్రరీ రెండోసారి రాసుకోదు. నీ రంగు పట్టీలు అలాంటివి కావు. ఒక్కో పట్టీకి ఒక్కో వెడల్పు, ఒక్కో వెడల్పుకు ఒక కొత్త క్లాస్. పిల్లలు ఎన్ని సబ్జెక్టులు తెరిస్తే అంత లావు. లావైన ట్యాగ్ ప్రతి పేజీ వెంటా పోతోంది. ఏ ఫోన్ కోసం ఇదంతా మొదలుపెట్టావో ఆ ఫోన్ మీదికే బరువు.

ఇంకో మాట మనసులోకి వస్తుంది. అదృష్టం కొద్దీ నీ సైట్లో వెడల్పులే ఉన్నాయి. ఎవరైనా తమ ఫొటో లింకును బ్యాక్‌గ్రౌండ్‌గా స్టైల్లో పెట్టుకునే సైటు అయ్యుంటే, ఒకరి ఫొటో చిరునామా ముక్కూ మొహం తెలియని ఇంకొకరి పేజీ సోర్స్‌లో కూర్చునేది. దీన్ని చిన్న తప్పుగా నేను చూడలేను. ఇలాంటి చోట్లనుంచే మనుషుల వివరాలు కారిపోతాయి.

సర్వర్ మెమరీ గ్రాఫ్ తెరుస్తావు. గీత మెట్లు మెట్లుగా పైకి పోతోంది. కిందికి దిగడం లేదు.

పదిన్నర అవుతోంది. హాస్టళ్లన్నీ మేలుకునే ఉన్నాయి. రద్దీ పెరుగుతోంది.

డాక్యుమెంటేషన్ తెరిచి వేగంగా చదువుతావు. కన్ను ఒక వాక్యం మీద ఆగుతుంది: పని అయ్యాక షీట్‌ను సీల్ చేయాలి, లేకపోతే మెమరీ విడుదల కాదు. రెండర్ మధ్యలో పగిలినా సరే, సీల్ జరిగి తీరాలి, కాబట్టి ఫైనల్లీ బ్లాకులో పెట్టమంటోంది. ఇదే నా జబ్బు అనుకుంటావు. ఫైనల్లీ రాస్తావు. లోపల సీల్ రాస్తావు. షీట్ పుట్టే లైనును ముట్టుకోవు.

పంపుతావు.

బిల్డ్ అయింది. నీ ల్యాప్‌టాప్‌లో తెరుస్తావు. పేజీ చక్కగా వస్తుంది. ట్యాగ్ చిన్నగా ఉంది. ఊపిరి వదులుతావు.

"నువ్వు తెరువు."

వాడు తెరుస్తాడు. మొహం మారుతుంది.

"అన్నా, ఐదొందలు అంటుంది."

"రీలోడ్ కొట్టు."

"అదే."

నువ్వు రీలోడ్ కొడతావు. నీకూ అదే. 500. వట్టి అక్షరాలు కూడా లేవు. ఏమీ లేదు.

వాడి ఫోన్ టింగుమంటుంది. మళ్లీ. మళ్లీ. క్లాస్ గ్రూపు.

"మా దోస్తులకు కూడ అయితలేదట అన్నా."

లాగ్ తెరుస్తావు. ఎర్రటి వరసలు పరుగెత్తుతున్నాయి. అన్నీ ఒకటే మాట. వాడేసిన షీట్‌లోకి మళ్లీ స్టైళ్లు చేర్చలేవు. ఒక్కో సర్వర్ రెండర్‌కు ఒక్క షీటే.

బ్యాటరీ పదకొండు.

వెనక్కి పోదామా? పాత బిల్డ్ పెట్టొచ్చు. సైటు లేస్తుంది. కానీ మెమరీ మళ్లీ ఎక్కుతుంది. అర్ధరాత్రికి సర్వరే కూలుతుంది. అప్పుడు చూసుకోవడానికి నువ్వు మేలుకుని ఉంటావా?

ముందుకు పోదామా? ఏం మార్చాలో తెలిసి మారుస్తున్నావా? ఇంకో ఊహతో ఇంకో దెబ్బ కొడుతున్నావా?

చేతులు కీబోర్డు మీద ఆగాయి. ఫోన్ టింగు. టింగు.

జూనియర్ తెర మీదికి వంగి లాగ్ చదువుతాడు. వాడికి ఈ లైబ్రరీ కొత్త. పరీక్షలు పాతే.

"అన్నా, ఎగ్జామ్ హాల్ల సంతకాల షీటు ఉంటది గదా. ఒక హాల్‌కు ఒకటి. పేపర్ అయిపోంగనే కట్ట కట్టి సీలేస్తరు. నువ్వు కట్ట కట్టిన షీటు మీద పక్క హాలోళ్లతోని సంతకం పెట్టిపిస్తున్నవ్ గద."

అదే. మొదటి మనిషికి షీట్ కొత్తది. అతని పేజీ అయ్యాక సీల్ పడింది. రెండో మనిషికి అందింది సీల్ పడిన షీట్. మూడో మనిషికీ అదే. సీల్ తప్పు కాదు. సీల్ లేని రోజుల్లో దాగి ఉన్న తప్పును బయటపెట్టిందే అది. తప్పు షీట్ పుట్టిన చోటులో ఉంది.

ఒక్క లైను. ఫైలు మొదట్లోంచి కట్ చేస్తావు. కింద, రిక్వెస్ట్ అందుకునే ఫంక్షన్ లోపల, ట్రై కంటే ముందు పేస్ట్ చేస్తావు. ఇప్పుడు ప్రతి మనిషి రాకతో ఒక షీట్ పుడుతుంది. అతని పేజీ నడుస్తున్నంతసేపే బతుకుతుంది. ట్యాగ్ ఇస్తుంది. సీల్ అవుతుంది. పోతుంది.

సేవ్. పంపు. బ్యాటరీ తొమ్మిది.

బిల్డ్ గీత. సగం. ముప్పాతిక. హాట్‌స్పాట్ తెగుతుంది. "ఫోన్ కదపకు!" వాడు కదపడు. గీత మళ్లీ కదులుతుంది. అయింది.

నువ్వు తెరవవు. మొదటి మనిషికి బాగుండటం ఇందాక కూడా చూశావు. "ముందు నువ్వు తెరువు. తర్వాత నేను. మళ్లీ నువ్వు." వాడు ఫిజిక్స్. నువ్వు బీకాం. వాడు మ్యాథ్స్. అన్నీ వస్తాయి. సోర్స్ చూస్తావు. బీకాం పేజీలో బీకాం పట్టీలే. మ్యాథ్స్ పేజీలో మ్యాథ్స్ పట్టీలే. మెమరీ గీత ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కి మళ్లీ దిగుతుంది. అలా దిగితే సర్వర్ ఊపిరి పీలుస్తున్నట్టే.

గ్రూపులో ఎవరో "వచ్చింది" అని పెడతారు. చాయ్ బండి ఆయన్ను బతిమాలి ఆయన ప్లగ్‌లో చార్జర్ పెడతావు.

ఇప్పుడు కాస్త తీరిక దొరికింది కాబట్టి కన్సోల్ కూడా చూడు. ఒక హెచ్చరిక ఉంది: సర్వర్ ఇచ్చిన క్లాస్ పేరు, బ్రౌజర్ ఇచ్చిన క్లాస్ పేరు సరిపోలడం లేదు. నీ జేబులోని ఫోన్లో పేజీ తెరిచి కళ్లు చిన్నవి చేసి చూస్తే, జావాస్క్రిప్ట్ దిగిన క్షణంలో ఒక కార్డు చటుక్కున మెరిసి కుదురుకుంటుంది. క్లాస్ పేర్లను లైబ్రరీ తనంతట తాను పుట్టిస్తుంది కదా, సర్వర్‌లో కాంపొనెంట్లు ఒక వరసలో, బ్రౌజర్లో ఇంకో వరసలో లోడ్ అయితే రెండు చోట్లా వేర్వేరు పేర్లు పుట్టొచ్చు. అప్పుడు సర్వర్ కష్టపడి పంపిన నియమం ఎవరికీ చెందకుండా పడి ఉంటుంది. దీనికి మందు తెలిసిందే, బేబెల్ ప్లగిన్. బిల్డ్ సమయంలోనే ప్రతి కాంపొనెంట్‌కు మారని గుర్తింపు రాసేస్తుంది. దాన్ని సర్వర్ బిల్డ్‌కూ బ్రౌజర్ బిల్డ్‌కూ, రెండింటికీ పెట్టాలి. నువ్వు ఒక్కదానికే పెట్టావు. నెక్స్ట్ జేఎస్ వాడేవాళ్లకు ఇదే పని దాని కంపైలర్ సెట్టింగ్‌లో ఒక లైను. పెడతావు. మెరుపు పోతుంది.

జూనియర్ ఫోన్ చూస్తూనే అడుగుతాడు: "మొత్తం పేజీ తయారయ్యేదాక ఏం పంపకుండ ఆపుతున్నవ్ గదన్నా. పెద్ద పేజీ అయితే అంతసేపు తెల్లగనే ఉంటది గద?"

మంచి ప్రశ్న. ఇందాక వరస మార్చినప్పుడు నువ్వు చెల్లించిన ధర అదే. 2022 మార్చిలో వచ్చిన రియాక్ట్ 18తో సర్వర్ పేజీని ముక్కలు ముక్కలుగా పంపగలదు. పైభాగం ముందు పోతుంది, డేటాబేస్ జవాబు కోసం ఆగిన భాగం తర్వాత పోతుంది. అప్పుడు స్టైళ్లు అన్నీ చివర్లో ఒక్కసారిగా అడుగుతానంటే కుదరదు, తల ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ప్రతి ముక్కకు ముందు, అప్పటిదాకా పోగైన కొత్త నియమాలను మాత్రమే తీసి, ఆ ముక్కకు జత చేసి పంపాలి. ఆ ముక్క తెర మీద పడేలోపు దాని నియమాలు చేరి ఉండాలి. నెక్స్ట్ జేఎస్ కొత్త రౌటర్‌లో దీనికోసమే ఒక హుక్ ఉంది. స్టైల్డ్ కాంపొనెంట్స్ షీట్‌ను దానికి కట్టి, ముక్కముక్కకూ ఇచ్చినవాటిని ఖాళీ చేస్తూ పోవాలి. పైగా, ఇప్పుడు నీ సర్వర్ ఒక పేజీ పూర్తిగా ముగించాకే ఇంకోటి ముట్టుకుంటోంది. ముక్కలుగా పంపే సర్వర్‌లో పది మంది పేజీలు ఒకేసారి సగం సగం తయారై ఉంటాయి. అక్కడ షీట్ బయట పుడితే పేజీలు నడుస్తుండగానే ఒకదాని నియమాలు ఇంకోదాంట్లో కలుస్తాయి, ఎవరివి ఎవరివో విడదీయలేవు.

"చేద్దామా అయితే?" వాడి కళ్లలో ఉత్సాహం.

గడియారం చూస్తావు. పదకొండు దాటింది. నీ పేజీ చిన్నది, డేటా అంతా మెమరీలోనే ఉంది, రెండర్ కనురెప్పపాటు. పరీక్ష ముందు రాత్రి నడుస్తున్న సర్వర్‌ను ఇంకోసారి విప్పడానికి అది చాలిన కారణం కాదు. ఇంకో సంగతీ నీ మనసులో ఉంది. రియాక్ట్ సర్వర్ కాంపొనెంట్లలో ఇలాంటి లైబ్రరీలు ఆధారపడే కాంటెక్స్ట్ అనేదే ఉండదు. 2025లో స్టైల్డ్ కాంపొనెంట్స్ నిర్వాహకులు లైబ్రరీని నిర్వహణ దశకు మార్చామని, కొత్త ప్రాజెక్టులకు దీన్ని సిఫారసు చేయమని బాహాటంగా చెప్పారు. బిల్డ్ సమయంలోనే స్టైళ్లను మామూలు సీఎస్ఎస్ ఫైళ్లుగా తీసిపెట్టే పద్ధతులున్నాయి, లినారియా, వనిల్లా ఎక్స్‌ట్రాక్ట్ వంటివి. వాటిలో సర్వర్ పోగు చేయాల్సిందేమీ ఉండదు. సెలవుల్లో పట్టీల వెడల్పులను స్టైల్లోంచి తీసి సీఎస్ఎస్ వేరియబుల్స్‌కు మార్చాలి, అప్పుడు ఎన్ని వెడల్పులున్నా క్లాస్ ఒక్కటే. ఆ తర్వాత మెల్లగా మొత్తం మార్చుకోవాలి. ఈ రాత్రి మాత్రం కాదు.

"పరీక్షలైనంక తమ్మీ. నువ్వు పోయి చదువుకో."

"నువ్వు?"

"ఒక్కటి రాసొస్త."

వాడు క్యాంపస్ వైపు పోతాడు. నువ్వు ఒక టెస్టు ఫైలు తెరుస్తావు. అందులో సర్వర్‌ను లేపి, ఫిజిక్స్ పేజీ అడుగుతావు. వెంటనే బీకాం పేజీ అడుగుతావు. రెండూ 200 అని రావాలి. రెండు స్టైల్ ట్యాగులూ పక్కపక్కన పెట్టి పోల్చుతావు. బీకాం ట్యాగ్‌లో ఫిజిక్స్ పట్టీ వెడల్పు ఒక్కటి కనబడినా టెస్టు విఫలం. తర్వాత మూడో పేజీని కావాలని మధ్యలో పగలగొట్టి, దాని వెనక నాలుగోది సరిగ్గా వస్తోందో లేదో చూస్తావు. ఫైనల్లీ బ్లాకు అక్కడ పరీక్షకు నిలబడుతుంది. షీట్ పుట్టే లైనును మళ్లీ పైకి జరిపి టెస్టు నడుపుతావు. ఎర్రగా వస్తుంది, రావాలి. కిందికి జరిపి నడుపుతావు. పచ్చగా వస్తుంది. డిప్లాయ్ స్క్రిప్టులో బిల్డ్‌కు ముందు ఈ టెస్టును చేరుస్తావు. ఇది ఎర్రగా ఉంటే ఇకనుంచి ఏదీ సర్వర్‌కు చేరదు. కమిట్ చేసి, చార్జర్ పీకి, చాయ్ డబ్బులు ఇస్తావు.